పదికి రెండు

పోయినవారం మన బొంగరాన్ని ఎంత ఇరకాటంలో వదిలేసి వచ్చామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మేనేజర్ గదిలో, మేనేజర్ లేనప్పుడు, మేనేజర్ సొరుగులోంచి తీసిన కవరు పట్టుకుని నిలబడి ఉంది. చేయకూడని పనే, కాదనను. కానీ కవరు మీద తన జెర్సీ నంబరు కనబడుతుంటే చేతులు కట్టుకుని కూర్చునే ఓపిక మీకుందేమో గానీ మన పిల్లకి లేదు. ఎదురుగా బంతి దొర్లితే చటుక్కున అందుకోవడం పదిహేడేళ్ళ అలవాటాయె.

లోపల ఒకటే కాగితం. క్లబ్బులో ఇద్దరు పాయింట్ గార్డ్‌లు ఉన్నారు, మన బొంగరం, దానికంటే చిన్నదైన పిచ్చుక. వచ్చే సీజన్‌కి ఒక్కరికే చోటు. బాస్కెట్‌బాల్‌లో బంతిని అవతలి కొసదాకా తీసుకెళ్ళి మిగిలిన నలుగురినీ ఆడించేది పాయింట్ గార్డే. అందుకని ఆ ఇద్దరిలో ఎవరి చేతిలో బంతి ఎంత భద్రమో, ముందుముందు ఎవరు ఎంత ఎదుగుతారో తేల్చి చెప్పమని క్లబ్బు వాళ్ళు బయటి పెద్దమనిషిని ఒకర్ని పెట్టుకున్నారు. ఎవరన్నది గుట్టు. ఆ పెద్దమనిషి ఇచ్చిన తీర్పే ఈ కాగితం.

కుడిచేయి, పదికి తొమ్మిది. ఎడమచేయి, పదికి తొమ్మిది. చేయి మార్చడం, పదికి తొమ్మిది. తల దించకుండా ఆడటం, పదికి పది. ఇక్కడిదాకా చదివి బొంగరం మనసులోనే ఒక గంతు వేసింది. ఆ తర్వాత ఆఖరి వరస వచ్చింది. ఇంకా ఎదిగే అవకాశం, పదికి రెండు. కారణం కలిసినప్పుడు చెబుతాను అని దాని పక్కనే రాసి ఉంది.

పదికి రెండు! ఉత్త కాగితం మీద పేరు రాసి ఇచ్చొచ్చినా జాలిపడి అంతకంటే ఎక్కువే వేస్తారు.

అయినా ఆమె ఉలిక్కిపడింది ఆ అంకె చూసి కాదు, అది రాసిన పచ్చ పెన్సిల్ చూసి. పొట్ట లావుగా, తోక పైకి తిప్పి ఉండే ఆ రెండుని చిన్నప్పట్నుంచీ తన ప్రాక్టీసు పుస్తకంలో చూస్తూనే ఉంది. ఇంత పెద్ద క్లబ్బుకి పచ్చ పెన్సిల్‌తో రిపోర్టు రాసిచ్చే మనిషి లోకంలో ఒక్కరే ఉంటారు. మాస్టారు. తొమ్మిదో ఏట తన చేతికి బంతి ఇచ్చిన మాస్టారు, ముద్దుగా బొంగరం అని పేరు పెట్టిన మాస్టారు, మొన్న ఆదివారం కూడా ఫోన్ చేసి "నువ్వేం దిగులు పెట్టుకోకు తల్లీ, నిన్ను మించినవాళ్ళు లేరు" అన్న మాస్టారు.

అక్కడ ఆపేశాం కదూ. ఇక కానివ్వండి.

కవరుని ఉన్నదున్నట్టు సొరుగులో పెట్టేసి ఆమె బయటపడేసరికి మెట్ల దగ్గర నిచ్చెన ఎదురైంది. నిచ్చెన అంటే జట్టులో అందరికంటే పొడుగు పిల్ల. ఇద్దరిదీ ఒకే గది. ఎత్తైన గుమ్మం కనబడినా అలవాటుకొద్దీ వంగి నడుస్తుంది.

"ఏమైందే, మొహం అలా మాడిపోయింది?"

"మాస్టారు..."

"పోయారా?" అంది నిచ్చెన గుండె మీద చెయ్యేసుకుని.

"పోయినా ఇంత ఏడుపు వచ్చేది కాదు" అనేసి బొంగరం నాలిక్కరుచుకుంది. "ఆ రిపోర్టు రాసింది ఆయనేనే. పైకి ఎదిగే అవకాశం పదికి రెండట."

నిచ్చెన అంతా విని కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. పొడుగు మనిషే గానీ తొందర మనిషి కాదు. "ఇప్పుడు వెళ్ళకు. ఎల్లుండి పొద్దున్న పదింటికి చివరి పరీక్ష ఉందిగా. నిన్నూ పిచ్చుకనీ తలా పది నిమిషాలు ఆడించి చూస్తారట. తలుపులు మూసేసిన హాలు, పురుగు కూడా ఉండదు. పెద్ద మ్యాచ్‌ల్లో జనాన్ని చూసే కదా నువ్వు తడబడేది, వాళ్ళు లేకపోతే నిన్ను ఆపేవాళ్ళెవరే? ముందు సంతకం కానీ, తర్వాత వెళ్ళి ఆయన్ని దులిపెయ్."

"అందాకా ఆగలేను. ఇది గొంతులో అడ్డంపడింది, మింగలేను, కక్కలేను."

"అయితే వెళ్ళు. బంతి మాత్రం తీసుకెళ్ళకు. విసిరినా విసురుతావు."

తీసుకెళ్ళింది. చెప్పిన మాట వినే రకమైతే మనకీ కథే ఉండేది కాదు.

మాస్టారి హాలు సైకిల్ షాపు వెనక సందులో ఉంటుంది. బయటినుంచి చూస్తే ఎవరిదో గోడౌన్ అనుకుంటారు. ముందు ఇనప షట్టరు, లోపల చెక్క నేల, ఒకే ఒక్క రింగు, గోడ పొడుగునా బెంచీ. ఎడమ మూలన రెండు చెక్కలు వదులు, వాటి మీద బంతి పడితే చప్పుడు బోలుగా వస్తుంది. బొంగరానికి కళ్ళు మూసుకున్నా ఆ చెక్కలు ఎక్కడున్నాయో తెలుసు. తెలియకేం, కళ్ళు మూసి నేర్పించింది ఇక్కడే కదా.

ఆ సంగతి కొంచెం చెప్పాలి. తొమ్మిదేళ్ళప్పుడు ఈ పిల్లకి బంతి కేసే చూస్తూ ఆడే జబ్బు ఉండేది. ఎంత తిట్టినా తల ఎత్తేది కాదు. ఒకరోజు మాస్టారికి విసుగొచ్చి జేబురుమాలు తీసి కళ్ళకి గంతలు కట్టేశారు. "చూడకు, విను" అన్నారు. దాని చెవులు పాము చెవులు. మూడు నెలలు తిరక్కుండానే గంతలతో ఈ కొసనుంచి ఆ కొసకి బంతి కొట్టుకుంటూ పరిగెత్తింది. ఇక చూడండి, మాస్టారి పేరు మారుమోగిపోయింది. చెవి పద్ధతి అన్నారు, ఎక్కడెక్కడి కోచ్‌లంతా వచ్చి నేర్చుకుపోయారు, ఎవరో ఫోటో తీసి పటం కట్టించి ఇచ్చారు. ఆ పటం ఇప్పటికీ గోడ మీద ఉంది. అందులో గంతలు కట్టుకుని పళ్ళికిలిస్తున్నది మన బొంగరమే.

మాస్టారు ఆటగాళ్ళని తూచేది కూడా చెవితోనే. మ్యాచ్‌కి వెళితే చిన్న టేపురికార్డరు కోర్టు పక్కన పెట్టుకుంటారు. ఇంటికొచ్చి ఆ టేపు వింటారు. "నేలకి తగిలే చప్పుడు అందరిదీ ఒకటే. తిరిగొచ్చి చేతికి తగిలేటప్పుడు తెలుస్తుంది, అరచేత్తో బాదుతున్నారా, వేళ్ళతో నెడుతున్నారా అని" అంటారు. ఆయన విని పనికొస్తారన్న వాళ్ళు పనికొచ్చారు, రారన్న వాళ్ళు రాలేదు. బెంచీ పైన మూడు అరల నిండా ఇరవై ఏళ్ళ టేపులు. ఒక్కోదాని మీద పచ్చ పెన్సిల్‌తో తేదీ.

బొంగరం వెళ్ళేసరికి ఆయన బెంచీ మీద కూర్చుని ఆ పెన్సిలే బ్లేడుతో చెక్కుకుంటున్నారు. పిల్లలు ఐదింటికి గానీ రారు. హాలంతా ఖాళీ.

"రా తల్లీ, రా" అన్నారు తల ఎత్తకుండానే, అడుగుల చప్పుడు బట్టి. "ఏదీ, రెండు నిమిషాలు కొట్టు. నీ బంతి విని చాన్నాళ్ళయింది."

"చాన్నాళ్ళెందుకయింది మాస్టారూ? పోయిన నెల్లోనే విన్నట్టున్నారుగా. విని మార్కులు కూడా వేశారు."

బ్లేడు ఆగింది. కాదని బుకాయిస్తారేమోనని ఆమెకి ఒక మూల ఆశ ఉంది. ఎవరమ్మా నీకు చెప్పింది, నేనెందుకు రాస్తాను అని ఒక్క మాట అంటే చాలు, నమ్మేసి ఇంటికెళ్ళిపోదును అన్నట్టు నిలబడింది. ఆయన అనలేదు.

"చూశావా?" అన్నారు.

"చూశాను. మీరు నాకు ఫోన్ చేసి నన్ను మించినవాళ్ళు లేరన్న రోజుకి ఆ కాగితం మేనేజర్ సొరుగులో ఉంది. ఏ నోటితో అన్నారు మాస్టారూ?"

"అబద్ధం చెప్పలేదు. చేతుల పనిలో నిన్ను మించినవాళ్ళు లేరు. నా జన్మలో ఎవరికీ అన్ని తొమ్మిదులు వెయ్యలేదు."

"మరి కింద ఆ రెండు?"

"కూర్చో, చెబుతాను."

"కూర్చోడానికి రాలేదు."

కోపం వస్తే కొందరు గిన్నెలు విసిరేస్తారు, కొందరు తలుపులు ధడాలున వేస్తారు. బొంగరం బంతి కొడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే బంతి నేలకి వేసింది. కుడి, ఎడమ, కాళ్ళ మధ్యనుంచి, వీపు వెనకనుంచి. కళ్ళు మాస్టారి మొహం మీదే ఉన్నాయి, బంతి తన పని తాను చేసుకుపోతోంది. ఆ టకటక వింటుంటే ఇంత జరుగుతున్నా మాస్టారి మొహం ఒక్క క్షణం విచ్చుకుంది. పాడు మనిషి! అంత మురిపెంగా వినేవాడు అలా ఎలా రాశాడు?

"ఆపకు, కొడుతూనే ఉండు" అని లేచి వెళ్ళి, మూలనున్న ఇనప రాడ్డు తీసుకుని షట్టరు మీద దబదబా బాదడం మొదలుపెట్టారు. హాలు దద్దరిల్లిపోయింది. సందులో కుక్క మొరిగింది. సైకిల్ షాపువాడు "ఏంటండీ మాస్టారూ!" అని అరిచాడు.

నాలుగోసారికి బంతి ఆమె చేతి అంచుకి తగిలి పక్కకి పోయింది.

మాస్టారు ఆపారు. "భయమేసిందా?"

"మీరంటే నాకు భయమేంటి?"

"చేతులు వణికాయా?"

"లేదు."

"మరి బంతెందుకు పోయింది?"

ఆమె బంతి తెచ్చుకుంది. "మళ్ళీ బాదండి." బాదారు. మళ్ళీ నాలుగోసారికే పోయింది. మూడోసారి పళ్ళ బిగువున పట్టుకుని కొట్టింది, తల వంచి బంతి కేసి చూస్తూ కొట్టింది, తొమ్మిదేళ్ళ పిల్లలా. అప్పుడు నిలిచింది. తల ఎత్తిందో లేదో పోయింది. బంతి దొర్లుకుంటూ వెళ్ళి బెంచీ కాలికి తగిలి ఆగింది. ఈసారి తెచ్చుకోడానికి ఆమె కదల్లేదు.

"వినబడలేదు" అంది మెల్లిగా. "బంతి నాకు వినబడలేదు."

"అంతే తల్లీ" అన్నారు ఆయన. "అందరూ వేళ్ళతో ఆడతారు. బంతి వేళ్ళని వదిలేటప్పుడే మళ్ళీ ఎప్పుడొస్తుందో వాళ్ళ వేళ్ళకి తెలుసు. నీ వేళ్ళకి తెలీదు. నీకు చెప్పేది చెవి. నేల చప్పుడు విని, ఆ లెక్కన నీ చెయ్యి వెళుతుంది. నిశ్శబ్దంగా ఉంటే నీ అంత శుభ్రంగా ఎవరికీ రాదు. జనం అరిచారా, నీ చెయ్యి అరక్షణం ఆలస్యం. పెద్ద మ్యాచ్‌లో అరక్షణం చాలు, బంతి లాక్కుపోతారు. అందుకే రెండు."

ఇందాక కూర్చోనన్న మనిషి నేల మీద చతికిలబడింది. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. అడగాలంటే భయమేసింది, ఈసారి నిజంగానే.

"ఈ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఆయన రాడ్డుని మూలన జాగ్రత్తగా ఆనించారు. అది పక్కకి జారింది. మళ్ళీ ఆనించారు.

"మాస్టారూ."

"జూనియర్స్ ఫైనల్."

పదకొండేళ్ళు! ఆ ఫైనల్లో అవతలి ఊరివాళ్ళు గ్యాలరీలో రేకులు తెచ్చుకుని వాయించారు. పదిహేనేళ్ళ బొంగరం ఏడుసార్లు బంతి పోగొట్టుకుంది. ఆ రోజు ఆటయ్యాక ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే తల నిమిరి, "ఏం లేదు తల్లీ, భయపడ్డావు, అంతే. ధైర్యం తెచ్చుకో" అన్నది ఈయనే. ఇంటికెళ్ళి ఆ రాత్రే టేపు విన్నారట. విన్న పది నిమిషాల్లోనే అర్థమైపోయిందట.

"భయమన్నారు" అంది బొంగరం. "మీరు భయమన్నారు కాబట్టి భయమే అనుకున్నాను. పేపర్లవాళ్ళు పెద్ద మ్యాచ్ అంటే దీనికి చేతులు వణుకుతాయని రాస్తే, నిజమే కాబోలనుకున్నాను. ఊపిరి పీల్చమన్నవాళ్ళ దగ్గర ఊపిరి పీల్చాను. అద్దంలో చూసుకుని నేను పిరికిదాన్ని కాదు అని వందసార్లు అనమంటే అన్నాను, నిచ్చెన నవ్వుతుంటే బాత్రూంలో గడియ పెట్టుకుని మరీ అన్నాను. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. మా అమ్మని... మాస్టారూ, మా అమ్మని పదకొండేళ్ళుగా పెద్ద మ్యాచ్‌కి రానివ్వలేదు. నువ్వు చూస్తే నాకు ఇంకా భయమేస్తుందని చెప్పాను. అమ్మ బయట సైకిల్ స్టాండులో నిలబడి, లోపల అరుపులు వింటూ, ఎవరు గెలిచారని వచ్చేపోయే వాళ్ళని అడుగుతుంది. మా అమ్మ మీకు ఏం చేసింది?"

మాస్టారు బెంచీ మీద కూలబడ్డారు. ముసలివాడు కాదు గానీ ఆ నిమిషంలో ముసలివాడిలాగే ఉన్నారు.

"చెబుదామనుకున్నాను. ఆ నెల్లోనే పటం వచ్చింది. ముప్పై మంది పిల్లలు చేరారు, అందరికీ గంతలు. చెవి పద్ధతి తప్పని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇవాళ కాదు రేపు అనుకున్నాను. ఏడాదయింది. ఏడాదయ్యాక, ఏడాది ఎందుకు చెప్పలేదని అడుగుతావేమోనని చెప్పలేదు. అలా అలా..."

"మరి క్లబ్బు వాళ్ళకెలా చెప్పారు?"

"వాళ్ళు నన్ను నమ్మి అడిగారు. అబద్ధం రాయలేకపోయాను."

బొంగరం నవ్వింది. ఆ నవ్వు మీరు వినకపోవడమే మంచిది. "నేను నమ్మలేదూ? వాళ్ళు నెల రోజులు నమ్మితే నిజం రాసిచ్చారు. నేను పదిహేడేళ్ళు నమ్మాను. నాకు నోటిమాటగా కూడా చెప్పలేకపోయారు."

ఆయన పక్కనున్న పచ్చ పెన్సిల్ తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆమె లేచి బంతి కోసం బెంచీ దగ్గరికి వెళ్ళింది. బంతి తీసుకుంటూ చూస్తే బెంచీ కింద చిన్న రేకు డబ్బా కనబడింది. మూత మీద ఒక నంబరు. అది పిచ్చుక జెర్సీ నంబరు. మూత తీసింది. లోపల గట్టిగా చుట్టిన దూది ఉండలు, చెవిలో పట్టేంతవి.

"పిచ్చుకకి చెవి పోటా?"

మాస్టారు నేల చూపులు చూశారు. అప్పుడు అర్థమైంది. ఒక్కసారిగా కాదు, కాసేపు ఆ ఉండల్ని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాక.

"దూది పెట్టి ఆడిస్తున్నారు. చెవులు మూసేసి. వేళ్ళు నేర్చుకోవాలని." ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. "అంటే మందు కూడా ఉంది. మీకు తెలుసు."

"నాలుగేళ్ళయింది కనిపెట్టి. మొదట చెవితో నేర్పి, తర్వాత దూదితో..."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"ఆరు నెలలు."

నాలుగేళ్ళలో ఎనిమిది ఆరు నెలలు ఉంటాయి. వాటిల్లో ఒక్కటి కూడా ఆమెకి దక్కలేదు. పైగా ఆ పిచ్చుకని ఈ హాలుకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది తనే. వీధిలో ఆడుకుంటుంటే చూసి, భలే చేతులే నీవి అని ముచ్చటపడి, మాస్టారూ దీన్ని కూడా నాలా చెయ్యండి అని అప్పజెప్పింది. నాలా చెయ్యండి అంది, పాపం.

"నా మీద తప్పు చేసి దాని మీద దిద్దుకున్నారన్నమాట" అంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "సరే. బాగుంది. కానీ ఒకటి మర్చిపోయారు మాస్టారూ. ఎల్లుండి పరీక్ష ఖాళీ హాల్లో. తలుపులు మూసేస్తారు. అక్కడ మీ తొమ్మిదులూ పదీ ఉంటాయి గానీ మీ రెండు ఉండదు. నేను గెలుస్తాను. సంతకం పెడతాను. తర్వాత ఆరు నెలలు ఎవరి దగ్గరైనా ఈ దూది పాఠం నేర్చుకుంటాను, మీ దగ్గర తప్ప."

ఆ మాటకి మాస్టారు చటుక్కున తల ఎత్తారు. ఏదో అనబోయి మింగేశారు. పదిహేడేళ్ళుగా ఆయన మొహం చదివిన పిల్ల, ఆ మింగడం చూసింది.

"ఏంటి?"

"ఏం లేదు."

"పెద్ద ఏం లేదే! మీ ఏం లేదు విని పదకొండేళ్ళు పోగొట్టుకున్నాను. ఏంటో చెప్పండి."

ఆయన చూపు బెంచీ పైన అరల మీదికి వెళ్ళి, ఉలిక్కిపడ్డట్టు వెనక్కొచ్చింది. ఆమె బెంచీ ఎక్కింది. మధ్య అర, ఎడమనుంచి తేదీల వరస. పదకొండేళ్ళ కిందటి టేపులు ఒకదాని పక్కన ఒకటి బిగుతుగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఖాళీ. అటూ ఇటూ ఉన్న తేదీలు చదివింది. మధ్యలో ఉండాల్సింది జూనియర్స్ ఫైనల్.

"ఆ టేపేది?"

"ఎవరో అడిగితే ఇచ్చాను."

"ఎవరికి?"

షట్టరు కింద వంగి ఎవరో లోపలికొచ్చారు. భుజాన బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా, చెమటకి నుదుటికి అతుక్కున్న జుట్టు. పిచ్చుక. రోజూ నాలుగింటికి వచ్చి పాఠం చెప్పించుకుని వెళుతుంది, బొంగరానికి తెలియదంతే. ఎదురుగా బొంగరం బెంచీ మీద నిలబడి ఉంటే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"అక్కా! నువ్వూ వచ్చావా? ఏం వెతుకుతున్నావు పైన?"

"పాత ఫైనల్ టేపు" అంది బొంగరం, మాస్టారి మీంచి చూపు తిప్పకుండా.

"అదా? మేనేజర్ గారి దగ్గరుందిగా. మాస్టారే ఇచ్చారట. ఇవాళ పొద్దున్న మన క్లబ్బు హాల్లో నాలుగు మూలలా స్పీకర్లు కట్టించి అదే పెట్టి చూశారు. అబ్బ, ఆ రేకుల మోతకి నా చెవులు చిల్లులు పడ్డాయనుకో. ఎల్లుండి పరీక్షలో అది పెట్టి మనిద్దర్నీ ఆడిస్తారట." గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాక గానీ ఆ పిల్ల ఇద్దరి మొహాలూ చూడలేదు. "ఏంటి? ఎందుకలా ఉన్నారు? నేనేమన్నా అనకూడనిది అన్నానా?"

బొంగరం బెంచీ దిగింది.

"మీరే ఇచ్చారు" అంది మాస్టారితో.

"నాకు నోరు రాలేదు తల్లీ" అన్నారు ఆయన. కళ్ళు ఎర్రబడ్డాయి. "నీ ఎదుట చెప్పలేక... ఎల్లుండి ఆ చప్పుడులో ఆడితే నీకే తెలుస్తుందనుకున్నాను."

అంటే ఇదన్నమాట. పదిహేనేళ్ళప్పుడు ఏ మోత విని ఆమె కుప్పకూలిందో, ఆ మోతనే దాచిపెట్టి, దుమ్ము దులిపి, ఆమె బతుకు తేలే రోజున మళ్ళీ ఆమె నెత్తిన పెట్టబోతున్నారు. అదీ మేనేజర్ ఎదుట, పిచ్చుక ఎదుట. ఒక్క మాట చెప్పే ధైర్యం లేక.

"నన్ను పిరికిదాన్నన్నారు" అంది బొంగరం. ఇప్పుడు ఏడుపు లేదు, గొంతు తేటగా ఉంది. "పదకొండేళ్ళు. ఈ హాల్లో పిరికివాళ్ళు ఉన్న మాట నిజమే మాస్టారూ. నేను మాత్రం కాదు."

మాస్టారు చెయ్యి చాపారు. "ఆ బంతి ఇలా ఇవ్వు. ఎల్లుండి దాకా టైముంది. కొంతైనా చూపిస్తాను. నా మాట విను..."

"మీ మాట వినే ఇక్కడిదాకా వచ్చాను."

బంతి ఆయనకి ఇవ్వలేదు. రేకు డబ్బాలోంచి రెండు దూది ఉండలు తీసుకుని నేరుగా పిచ్చుక దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి షట్టరు పక్కనే నిలబడి ఉంది.

"చెల్లీ, ఇవి పెట్టుకుంటే నీకు ఏం నేర్పారో నాకు నేర్పు. ఇవాళ సాయంత్రం, రేపంతా. ఆరు నెలల పాఠం ఒకటిన్నర రోజులో రాదని తెలుసు, ఎంతొస్తే అంత. కానీ ముందే చెబుతున్నాను, చోటు ఒక్కటే ఉంది. నాకు వస్తే నీకు పోతుంది. అది తెలిసే అడుగుతున్నాను. నేర్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు, నిన్ను తప్పుపట్టను. ఇంకొకళ్ళలా దాచకు, చాలు."

పిచ్చుక మాస్టారి కేసి చూసింది. గోడ మీద గంతలు కట్టుకుని నవ్వుతున్న పిల్ల పటం కేసి చూసింది. మాస్టారు లేచి నిలబడి గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టారు, పిచ్చుకకో, బొంగరానికో.

బొంగరం ఆ మాటలు చెవిన పడకముందే దూది ఉండల్ని రెండు చెవుల్లో కుక్కేసుకుంది. హాలు, సందు, సైకిల్ షాపు, మాస్టారి గొంతు, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. రెండు చేతుల్తో బంతిని పిచ్చుక ముందుకి చాపి నిలబడింది.

పిచ్చుక పెదవులు కదిలాయి. చాలాసేపు కదిలాయి. ఒక్క ముక్క కూడా బొంగరానికి వినబడలేదు. ఆ పిల్ల చేతులు ఏం చెబుతాయోనని వాటికేసే చూస్తోంది. ఒక చేతిలో నీళ్ళ సీసా అలాగే ఉంది. రెండో చెయ్యి మెల్లిగా పైకి లేచింది. బ్యాగు దించి పాఠం మొదలుపెట్టడానికో, బ్యాగు సర్దుకుని వెళ్ళిపోవడానికో, భుజం మీది పట్టీని పట్టుకుంది. ఏది చేసిందో వచ్చేవారం చెప్పుకుందాం.